వైటెనింగా, వెనీర్లా? పంటి మరక ఎక్కడిదో తెలుసుకుని తేల్చుకునే పద్ధతి

పళ్లు తెల్లగా కనిపించాలని క్లినిక్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది ఏం చేయించుకోవాలో ముందే అనుకుని వెళ్తారు. ఫోన్లో ఎవరిదో నవ్వు చూపించి "ఇలా వెనీర్లు వేయాలంటే ఎంతవుతుంది?" అని అడుగుతారు. కానీ ముందు తేలాల్సింది వేరే ఉంది: నా పళ్లకు ఈ రంగు ఎక్కడి నుంచి వచ్చింది? అది తెలిస్తే వైటెనింగ్ చాలా, వెనీర్ల దాకా వెళ్లాలా, రెండూ లేకుండా మామూలు క్లీనింగ్‌తోనే సరిపోతుందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

రెండింటికీ ఉన్న తేడా మొదట చూద్దాం. వైటెనింగ్ అంటే మీ పంటినే తెల్లబరచడం. పెరాక్సైడ్ ఉన్న జెల్ పంటి పైపొర అయిన ఎనామిల్ గుండా లోపలికి ఇంకి, అక్కడున్న రంగు పదార్థాలను విడగొడుతుంది. పంటిని ఎక్కడా అరగదీయరు. వెనీర్ అంటే పంటి ముందువైపు అతికించే పల్చటి పలక. పింగాణీతో చేస్తారు, లేదా కాంపోజిట్ రెజిన్‌తో, అంటే ఫిల్లింగులకు వాడే పంటి రంగు పదార్థంతో చేస్తారు. వేలికి అతికించుకునే కృత్రిమ గోరు లాంటిదే అనుకోవచ్చు, కానీ పెద్ద తేడా ఒకటుంది. ఆ గోరు ఊడదీస్తే కింద మీ గోరు అలాగే ఉంటుంది. వెనీర్ కోసం అరగదీసిన ఎనామిల్ మాత్రం మళ్లీ పెరగదు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. పంటికి తక్కువ నష్టం చేసే పనితో మొదలుపెట్టండి. దాంతో కాకపోతేనే తర్వాతి మెట్టెక్కండి. కింద రాసిన వరుస అదే.

1. అద్దం ముందు, పగటి వెలుతురులో

బాత్రూమ్ లైట్ కింద పళ్లు చూసుకుని దిగులుపడకండి. పసుపు బల్బు కింద ఎవరి పళ్లైనా పచ్చగానే కనిపిస్తాయి. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, ఒకసారి పళ్లు తడిగా ఉన్నప్పుడు, ఇంకోసారి టిష్యూతో తుడిచాక చూసుకోండి. పన్ను ఆరినప్పుడు తెల్ల మచ్చలు బాగా బయటపడతాయి. డాక్టర్లు కూడా అలాగే గాలి కొట్టి ఆరబెట్టి చూస్తారు.

మరక పైపైనే ఉంటే అది ఎక్కువగా పళ్ల సందుల్లో, చిగుళ్ల అంచుల్లో, కింది పళ్ల లోపలివైపు గోధుమ లేదా నలుపు రంగులో కనిపిస్తుంది. నాలుకకు గరుకుగా తగిలితే అది గార. టీ, కాఫీ, సిగరెట్, కిళ్లీ, ఖైనీ, గుట్కా వల్ల వచ్చేవి ఈ పైపై మరకలే. చాలామందికి తట్టని కారణం ఇంకొకటుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడితే పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి. చిగుళ్ల కోసం డాక్టర్ కొన్నాళ్లకే రాసిచ్చినదాన్ని నెలల తరబడి పుక్కిలించేవాళ్లు ఉన్నారు. పిల్లలకు ఐరన్ సిరప్ పట్టినప్పుడు వచ్చే నల్ల మరకలు కూడా పైపై మరకలే, క్లీనింగ్‌తో పోతాయి.

వయసుతో వచ్చే పసుపు వేరు. ఎనామిల్ కొంత పారదర్శకంగా ఉంటుంది. దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే లేత పసుపు. ఏళ్లు గడిచేకొద్దీ ఎనామిల్ అరిగి పల్చబడుతుంది, కింది పసుపు బయటికి కనిపిస్తుంది. మచ్చలేమీ లేకుండా పళ్లన్నీ ఒకే తీరుగా పచ్చబడితే సాధారణంగా కారణం ఇదే. వైటెనింగ్ బాగా పనిచేసేది కూడా ఇలాంటి పళ్ల మీదే.

పళ్లకు అడ్డంగా, అన్నింటికీ ఒకే ఎత్తులో బూడిద రంగు లేదా గోధుమ రంగు పట్టీలు ఉంటే చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు వాడారేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇచ్చినా, గర్భంతో ఉన్నప్పుడు తల్లి వాడినా ఆ మందు తయారవుతున్న పళ్లలో చేరిపోతుంది.

ఒక్క పన్ను మాత్రమే నల్లబడి పక్క పళ్లు బాగుంటే ముందు తెలుపు సంగతి పక్కనపెట్టండి. ఎప్పుడో బంతి తగిలో, బండి మీంచి పడో ఆ పంటి లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. రూట్ కెనాల్ అవసరమైతే అది ముందు చేసి, ఆ పంటికి లోపలి నుంచే బ్లీచింగ్ మందు పెట్టి తెల్లబరుస్తారు. ఇలాంటి పంటి మీద నేరుగా వెనీర్ అతికిస్తే లోపలి జబ్బును కప్పిపెట్టినట్టే.

ఫ్లోరైడ్ పళ్ల గురించి విడిగా

తెలుగు నేల మీద ఈ విషయం రాస్తూ ఫ్లోరైడ్‌ను ఒక్క లైనులో దాటేయడం నాకు న్యాయంగా అనిపించదు. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు మచ్చలు పడి, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదటగా గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ తర్వాత నల్గొండ పేరు ఈ జబ్బుతో ఎంతగా ముడిపడిందో అందరికీ తెలుసు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించేందుకు నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఉండవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి.

పళ్ల మీది ఫ్లోరైడ్ మచ్చలు ఎనామిల్ తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపే పడతాయి. అందువల్ల పెద్దయ్యాక మంచినీళ్లకు మారినా పాత మచ్చలు పోవు. ఇప్పుడు నదీజలాలు తాగుతూ పెరుగుతున్న పిల్లలకు మాత్రం ఆ బాధ తప్పుతుంది. పెద్దవాళ్లకు ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ వల్ల కొత్తగా ఈ మచ్చలు రావు, భయపడి మానేయనక్కర్లేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి, మింగకుండా ఉమ్మేయించాలి. అంతకన్నా చిన్నవాళ్లకు బియ్యపు గింజంత చాలు.

నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఫొటో తీస్తుంటే పెదాలు బిగించడం, పెళ్లిచూపుల్లో మాట్లాడటానికి భయపడటం ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో తరాలుగా ఉంది. ఇది శుభ్రత లేక వచ్చిన మరక కాదు. పళ్లు తోముకోరా అని వాళ్లను అడిగేవాళ్లు ఇకనైనా ఆ మాట మానాలి. దీనికి వైద్యం ఉంది, అదీ అందరికీ వెనీర్లు కానక్కర్లేదు. మచ్చ తీవ్రతను బట్టి వైద్యం మారుతుంది, నాలుగో మెట్టులో చెప్తాను.

2. క్లీనింగ్, పిప్పి పళ్లు, చిగుళ్లు

ఏ నిర్ణయానికైనా ముందు స్కేలింగ్ చేయించుకోండి. మనవాళ్లు క్లీనింగ్ అనేది దీన్నే. గార తీసి పాలిష్ చేసేసరికి సగం సమస్య తీరిపోయిన సందర్భాలు చాలా ఉంటాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి, సందులు పడతాయి అనే భయం ఊళ్లలో ఇంకా ఉంది. నిజానికి సందు ఏర్పడేది గార వల్ల చిగురు కిందికి జారినప్పుడు. గార ఉన్నంతకాలం అది ఆ సందును నింపి ఉంటుంది, తీసేశాక సందు కనిపిస్తుంది. కదిలే పన్ను కూడా అంతే, అప్పటికే ఎముక అరిగి ఉంటుంది.

బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తుంటే చిగుళ్ల వైద్యం ముందు. పుచ్చు ఉంటే ఫిల్లింగ్ ముందు. పుచ్చు ఉన్న పంటి మీద వైటెనింగ్ జెల్ పడితే ప్రాణం పోయినంత జివ్వుమంటుంది. రక్తం కారే చిగుళ్ల పక్కన వెనీర్ అతికిస్తే అతుకు సరిగా పట్టదు. గుట్కా, ఖైనీ అలవాటుంటే తెలుపు కోసం పెట్టే ప్రతి రూపాయీ వృథా. ఆ అలవాటు ఉండి నోరు ఇదివరకటిలా పూర్తిగా తెరుచుకోకపోతే, కారం తగిలితే బుగ్గల లోపల మంటగా ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి. అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బుకు సూచన కావచ్చు.

క్లీనింగ్ అయ్యాక ఒక వారం ఆగి, మళ్లీ అదే కిటికీ దగ్గర చూసుకోండి. సరిపోయిందనిపిస్తే ఇక్కడే ఆపేయండి.

3. వైటెనింగ్: ఇంట్లో ట్రేతోనా, క్లినిక్‌లోనా

పైపై మరకలు పోయాక కూడా పళ్లు పసుపుగానే ఉండి, ఆకారం బాగుంటే వైటెనింగే సరైన దారి. అందులోనూ నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది డాక్టర్ చేసిచ్చిన ట్రేతో ఇంట్లో చేసుకునే పద్ధతి మీద. 1989లో వైద్య పత్రికల్లోకి వచ్చిన ఈ పద్ధతిని అప్పటి నుంచి బాగా పరీక్షించి చూశారు. నెమ్మదిగా జరుగుతుంది, ఖర్చు తక్కువ, ఎంత తెలుపు దగ్గర ఆపాలో మీ చేతుల్లోనే ఉంటుంది.

డాక్టర్ మీ పళ్ల కొలత తీసుకుని, పళ్లకు సరిగ్గా పట్టే పల్చటి ప్లాస్టిక్ ట్రేలు చేయిస్తారు. దాంతోపాటు కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ సిరంజిలు ఇస్తారు. ఎక్కువగా ఇచ్చేది 10 శాతం జెల్. అందులోంచి విడుదలయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. రాత్రి బ్రష్ చేసుకుని, ఫ్లాస్‌తో (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) సందులు శుభ్రం చేసుకున్నాక ట్రేలో ఒక్కో పంటి ముందువైపు చిన్న చుక్క వేసి పెట్టుకోవాలి. చిగుళ్ల మీదికి పొంగిన జెల్‌ను వేలితోనో, మెత్తటి బ్రష్‌తోనో తుడిచేయాలి. ఎక్కువ జెల్ వేస్తే ఎక్కువ తెలుపు రాదు, చిగుళ్లు మండుతాయంతే. డాక్టర్ చెప్పినన్ని గంటలు, లేదా రాత్రంతా ఉంచుకుని, పొద్దున ట్రే తీసి చల్లటి నీళ్లతో కడగాలి. వేడి నీళ్లు పోస్తే ట్రే వంకర పోతుంది. సాధారణ పసుపుకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. టెట్రాసైక్లిన్ పట్టీలకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఆరు నెలల దాకా. ఓపిక ఉన్నవాళ్లకు ఆ పళ్లు కూడా గుర్తుపట్టేంతగా తెల్లబడతాయి. అందుకే "టెట్రాసైక్లిన్ అయితే నేరుగా వెనీర్లే" అని ఎవరైనా తేల్చేస్తే ఇంకో డాక్టర్‌ను కూడా అడగండి.

క్లినిక్‌లో చేసేది బలమైన జెల్, 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. చిగుళ్లకు రక్షణ పూత వేసి, కొద్ది నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు పెడతారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. దీనికి తోడు నీలి లైటు, లేజర్ అని ఎక్కువ వసూలు చేస్తారు. మంచి జెల్ ఉన్నప్పుడు ఆ లైటు వల్ల చివరికి అదనంగా వచ్చే తెలుపు చెప్పుకోదగ్గంత ఉండదు. ఇంకో సంగతి, కుర్చీలోంచి లేవగానే కనిపించే మెరుపులో కొంత భాగం పన్ను ఆరిపోవడం వల్ల వచ్చింది. లాలాజలంతో తడి తిరిగి పట్టగానే ఆ భాగం తగ్గుతుంది. అసలు ఫలితం వారం, రెండు వారాలయ్యాక చూసుకోండి.

జివ్వుమనడం వైటెనింగ్‌లో మామూలే, చాలావరకు ఆపేసిన కొద్ది రోజుల్లో పోతుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్ట్‌ను రెండు వారాల ముందు నుంచే వాడితే బాధ తగ్గుతుంది. జివ్వుమన్న రోజు ట్రే పెట్టకండి, ఒకరోజు విడిచి ఒకరోజు చేసుకోండి. వైటెనింగ్ సాగే రోజుల్లో కాఫీ, పసుపు ఎక్కువ వేసిన కూరలు, పుల్లటి పచ్చళ్లు తగ్గిస్తే మేలు. పులుపుకు అప్పుడు పళ్లు ఇంకా త్వరగా జివ్వుమంటాయి.

కొన్ని పరిమితులు ముందే తెలిసి ఉండాలి. క్యాప్‌లు, ఫిల్లింగులు, పాత వెనీర్లు వైటెనింగ్‌తో తెల్లబడవు. ముందు పంటికి క్యాప్ ఉంటే చుట్టూ పళ్లు తెల్లబడి అదొక్కటే పచ్చగా మిగిలిపోవచ్చు, ఆ క్యాప్ మార్చే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. తెల్ల మచ్చలున్నవాళ్లకు మొదటి రోజుల్లో ఆ మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, చుట్టుపక్కల రంగు తేలేకొద్దీ తేడా తగ్గుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అందం కోసం వద్దు. యూరోపియన్ యూనియన్‌లో 6 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్ వైటెనింగ్ ఉత్పత్తుల్లో నిషిద్ధం. 0.1 నుంచి 6 శాతం దాకా ఉన్నవాటిని పంటి డాక్టర్ ద్వారానే, అదీ పద్దెనిమిది నిండినవాళ్లకే ఇవ్వాలి. బ్రిటన్‌లో పంటి వైద్య వృత్తిలో నమోదు కానివాళ్లు వైటెనింగ్ చేయడం చట్టవిరుద్ధం, అక్కడున్న మనవాళ్లు సెలూన్ల ఆఫర్లకు లొంగకండి. ఇక్కడ బ్యూటీ పార్లర్లో చేయించుకోబోయేవాళ్లకు కూడా నేను చెప్పేది అదే.

వచ్చిన తెలుపు సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు నిలుస్తుంది. ట్రేలు పారేయకుండా దాచుకుంటే, తర్వాత డాక్టర్‌ను అడిగి జెల్ మాత్రం కొనుక్కుని కొన్ని రాత్రులు పెట్టుకుంటే చాలు.

నిమ్మరసం, వంటసోడా, బొగ్గు పొడి, ఇటుక పొడి, ఉప్పు రుద్దడం వద్దే వద్దు. నిమ్మరసం ఎనామిల్‌ను కరిగిస్తుంది, గరుకు పొడులు అరగదీస్తాయి. ఎనామిల్ పల్చబడితే కింది పసుపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. మెత్తగా నమిలిన వేప పుల్లను నెమ్మదిగా వాడితే అంత నష్టం లేదు. మార్కెట్లో వైటెనింగ్ అని అమ్మే టూత్‌పేస్టులు పైపై మరకలనే తీస్తాయి, పంటి లోపలి రంగును మార్చవు.

4. వైటెనింగ్‌కీ వెనీర్లకీ మధ్య ఉన్న మెట్టు

చాలామందికి ఈ మెట్టు ఉందనే తెలియదు, క్లినిక్‌లలోనూ అడిగితే తప్ప పెద్దగా చెప్పరు. మచ్చలున్న పళ్లకు, ముఖ్యంగా ఫ్లోరైడ్ మచ్చలకు, దీని మీదే ఎక్కువ ఆశ పెట్టుకోవాలి.

మైక్రోఅబ్రేజన్‌లో పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మెత్తటి రాపిడి పొడి కలిపిన పేస్ట్‌తో ఎనామిల్ పైపొరను అతి కొద్దిగా, మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు మేర మాత్రమే రుద్ది తీస్తారు. గోధుమ మచ్చలు అంతలోతులోనే ఉంటే చాలావరకు పోతాయి. తర్వాత ట్రేతో వైటెనింగ్ చేస్తే రంగు ఒకే తీరుగా కలుస్తుంది. తెల్లటి సుద్ద మచ్చలకు రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనే పద్ధతి ఉంది. మచ్చ ఉన్నచోట సూక్ష్మ రంధ్రాల్లోకి నీళ్లలాంటి పల్చటి రెజిన్ ఇంకేలా చేసి, లైటుతో గట్టిపరుస్తారు. క్లిప్పులు తీశాక మిగిలే తెల్ల మచ్చలకు కూడా ఇది బాగా పనిచేస్తుంది. రెండింటికీ సాధారణంగా మత్తు ఇంజెక్షన్ అవసరం ఉండదు.

ఇంకొంచెం లోతు మచ్చలు, చిన్న గుంటలు ఉంటే ఆ చోటు వరకే కాంపోజిట్ పెట్టించుకోవచ్చు. అదే మందుతో పంటి ముందు భాగమంతా పూస్తే కాంపోజిట్ వెనీర్ అవుతుంది. ఒకే సిట్టింగ్‌లో, కుర్చీలోనే డాక్టర్ చేత్తో మలుస్తారు. ఎనామిల్‌ను అసలు అరగదీయకుండానో, చాలా తక్కువ అరగదీసో చేయొచ్చు. అంచు విరిగితే అక్కడికక్కడే సరిచేయొచ్చు. నష్టం ఏమిటంటే మెరుపు త్వరగా తగ్గుతుంది, టీ కాఫీ మరకలు పట్టుకుంటాయి, సుమారు అయిదు నుంచి ఏడేళ్లలో మార్చాల్సి వస్తుంది. ఇరవై, ఇరవై అయిదేళ్ల వయసు వాళ్లకు పింగాణీ కంటే ముందు ఇదే ప్రయత్నించమని చెప్తాను, ఎందుకంటే పన్ను దాదాపు చెక్కుచెదరకుండా మిగులుతుంది. తర్వాత ఎప్పుడైనా పింగాణీకి వెళ్లొచ్చు.

ఎనామిల్ గుంటలు పడి, పెళుసుబారి రాలిపోయే తీవ్రమైన ఫ్లోరోసిస్ అయితే ఈ మెట్టు దాటి వెనీర్లకు, ఒక్కోసారి క్యాప్‌లకు వెళ్లక తప్పదు. ఖర్చు భయమైతే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. ప్రైవేటు దంత కళాశాలల ఆసుపత్రుల్లో కూడా క్లినిక్‌ల కంటే తక్కువకే చేస్తారు. పీజీ విద్యార్థులు చేసినా పైన ప్రొఫెసర్లు చూస్తుంటారు. టైమ్ ఎక్కువ పడుతుంది, అంతే.

5. పింగాణీ వెనీర్లు ఎవరికి

రంగుతో పాటు ఆకారం కూడా మార్చాలంటే వెనీర్లకు నిజమైన అవసరం ఉన్నట్టు. అంచులు విరిగిన పళ్లు, చిన్నగా మొనదేరినట్టున్న పళ్లు, ముందు పళ్ల మధ్య సందు, వైటెనింగ్‌కు లొంగని ముదురు మరకలు, గుంటలు పడ్డ ఎనామిల్, ఇవన్నీ సరైన కారణాలే. కేవలం పసుపు రంగు మాత్రం, నా దృష్టిలో, ఆరోగ్యమైన పంటిని అరగదీయడానికి సరిపోయే కారణం కాదు. పళ్లు బాగా వంకరగా ఉంటే క్లిప్పులో, అలైనర్లో (తీసి పెట్టుకునే పారదర్శక ట్రేలు) వేయించుకుని సరిచేయడమే మంచిది. వంకరను వెనీర్లతో కప్పాలంటే చాలా లోతుగా అరగదీయాల్సి వస్తుంది.

ఎంత అరగదీస్తారన్నదే ఇక్కడ కీలకం. సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు. చూడటానికి చిన్న అంకె. కానీ ముందు పంటికి చిగురు దగ్గర ఎనామిలే 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది. వెనీర్ గట్టిగా నిలిచేది ఎనామిల్‌కు అతికినప్పుడే. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేసి రెజిన్ అతికించవచ్చని 1955లో అమెరికా దంత వైద్యుడు బ్యూనోకోర్ చూపించాకే ఇదంతా సాధ్యమైంది. అరుగుదల డెంటిన్ దాకా వెళ్తే పట్టు తగ్గుతుంది, జివ్వుమనడం పెరుగుతుంది. మరక ఎంత ముదురుగా ఉంటే దాన్ని కప్పడానికి అంత మందం పలక కావాలి. అందువల్ల వెనీర్లు తప్పవని తేలినా ముందు వైటెనింగ్ చేసి మరకను తేలికపరిస్తే అరుగుదల తగ్గుతుంది.

ఒక మోసం గురించి తప్పకుండా తెలుసుకోండి. వెనీర్లని చెప్పి పన్ను చుట్టూ అరగదీసి క్యాప్‌లు వేసేవాళ్లున్నారు. క్యాప్ కోసం చిగురు పైన కనిపించే పంటిలో మూడింట రెండు వంతుల దాకా పోతుంది. పాడైన పంటికి అది వైద్యమే, కానీ బాగున్న పళ్లకు తెలుపు కోసం క్యాప్‌లు వేస్తే తర్వాత ఏళ్లలో రూట్ కెనాల్ అవసరం పడే ప్రమాదం పెరుగుతుంది. "ముందువైపు మాత్రమే అరగదీస్తారా, చుట్టూరానా? ఎన్ని మిల్లీమీటర్లు? ఎనామిల్‌లోనే ఆగుతారా?" అని సూటిగా అడగండి. జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి.

మంచి క్లినిక్‌లో పని ఇలా సాగుతుంది. ఫొటోలు, కొలతలు తీసుకుంటారు. మైనంతోనో, కంప్యూటర్లోనో కొత్త పళ్ల నమూనా చేస్తారు. తర్వాత పంటిని ముట్టుకోకముందే ఆ నమూనాను తాత్కాలిక పదార్థంతో మీ పళ్ల మీద పెట్టి చూపిస్తారు. దీన్నే మాక్‌అప్ అంటారు. ఈ మెట్టు వదలొద్దు. అద్దంలో చూసుకోండి, మాట్లాడండి, 'స', 'ఫ' శబ్దాలు సరిగా పలుకుతున్నాయో లేదో గమనించండి, ఇంట్లోవాళ్లకు చూపించండి. నచ్చాకే మత్తు ఇచ్చి అరగదీయడం, స్కాన్ లేదా అచ్చు తీయడం, ల్యాబ్ నుంచి పలకలు వచ్చేదాకా తాత్కాలిక వెనీర్లు పెట్టడం. వచ్చాక అతికించకుండా ఒకసారి పెట్టి చూస్తారు. అప్పుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి పగటి వెలుతురులో చూడండి. అతికించే సిమెంట్ గట్టిపడ్డాక రంగు మార్చడం కుదరదు.

రంగు విషయంలో ఆశ కాస్త తగ్గించుకుంటే అందం పెరుగుతుంది. పళ్ల రంగు పోల్చి చూసేందుకు చాలా క్లినిక్‌లలో ఉండే వీటా షేడ్ గైడ్‌లో 16 రంగులుంటాయి, వాటిలో బాగా తెల్లటివి బీ1, ఏ1. వాటికన్నా తెల్లటి బ్లీచ్ షేడ్‌లు కూడా దొరుకుతాయి. మన చామనఛాయ ముఖాల మీద ఆ అతి తెలుపు కృత్రిమంగా కనిపిస్తుంది. కంటిలోని తెలుపు కన్నా పళ్లు తెల్లగా ఉండకూడదన్నది మంచి కొలమానం. పై పళ్లకు మాత్రమే వెనీర్లు వేయించుకుంటుంటే కింది పళ్లకు ముందే వైటెనింగ్ చేయించండి. వైటెనింగ్ ముగిశాక కనీసం రెండు వారాలు ఆగాలి. రంగు స్థిరపడాలి, పంటిలో మిగిలిన ఆక్సిజన్ పోవాలి. లేకపోతే రెజిన్ సరిగా అతకదు.

నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవాళ్లు, పెన్ను మూతలు, గోళ్లు కొరికేవాళ్లు ముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. పింగాణీ పలక విరగడానికి అవి పెద్ద కారణాలు.

6. ఖర్చు లెక్క వేసే తీరు

ఊరిని బట్టి, క్లినిక్‌ను బట్టి ధరలు మారతాయి కాబట్టి అంకెల కంటే లెక్క వేసే పద్ధతి ముఖ్యం. వైటెనింగ్ ధర మొత్తం నోటికి కలిపి చెప్తారు. వెనీర్ ధర ఒక్కో పంటికి. చాలాచోట్ల ఒక్క పింగాణీ వెనీర్ ధర మొత్తం వైటెనింగ్ ధరకు దగ్గరగానో, అంతకంటే ఎక్కువగానో ఉంటుంది. నవ్వినప్పుడు కనిపించేవి ఆరు నుంచి పది పై పళ్లు కాబట్టి దాన్ని అన్నింటితో గుణించాలి.

తర్వాత మీ వయసును బట్టి ఎన్నిసార్లు మార్చాల్సి వస్తుందో దాంతోనూ గుణించాలి. పింగాణీ వెనీర్లు బాగా చేస్తే, బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు వస్తాయి, కొన్ని అంతకంటే ఎక్కువ కూడా. పాతికేళ్లకు వేయించుకున్న మనిషి డెబ్బై ఏళ్లు వచ్చేలోపు మూడు నాలుగు సార్లు మార్చుకోవాల్సి రావచ్చు. మార్చిన ప్రతిసారీ పంటిలో ఇంకొంత పోతుంది. యాభై అయిదేళ్లకు వేయించుకునేవాళ్లకు ఈ లెక్క చాలా తేలిక. అందుకే ఒకే రకం పళ్లున్నా వయసును బట్టి నా సలహా మారుతుంది. అందం కోసం చేసే పంటి పనికి ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు, అదీ ముందే తెలుసుకోండి.

7. డాక్టర్, ముహూర్తం, సెలవులు

డాక్టర్ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. బీడీఎస్ చదివినవాళ్లు ఈ పనులన్నీ చేయొచ్చు. వెనీర్ల విషయంలో ప్రోస్తోడాంటిక్స్ (క్యాప్‌లు, కట్టుడు పళ్ల విభాగం) లేదా కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ (ఉన్న పంటిని బాగుచేసే విభాగం)లో పీజీ, అంటే ఎండీఎస్ చేసినవాళ్లయితే మరీ మంచిది. వాళ్లు సొంతంగా చేసిన కేసుల ముందు, తర్వాత ఫొటోలు చూపించమనండి. ముఖ్యంగా రెండు మూడేళ్ల తర్వాత తీసిన ఫొటోలు అడగండి. వాడబోయే పదార్థం పేరు, పళ్ల సంఖ్య, విరిగితే ఎవరి ఖర్చు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

పెళ్లి కోసమైతే ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ట్రే వైటెనింగ్‌కు పెళ్లికి రెండు నెలల ముందు క్లీనింగ్‌తో మొదలుపెడితే హాయిగా పూర్తవుతుంది. వెనీర్లకు కనీసం నాలుగు నెలలు చేతిలో ఉంచుకోండి, అందులో చివరి నెల ఖాళీగా వదిలేయండి. చిగుళ్లు సర్దుకోవాలి, కొరుకుడులో తేడా ఉంటే సరిచేయించుకోవాలి. పెళ్లికి వారం ముందు క్లినిక్‌లో వైటెనింగ్ చేయించుకుని, జివ్వుమనే పళ్లతో విందులో కూర్చోవడం ఎందుకు?

అమెరికా, ఆస్ట్రేలియా నుంచి రెండు మూడు వారాల సెలవు మీద వచ్చి ఇక్కడ వెనీర్లు వేయించుకునేవాళ్లు పెరిగారు. ఖర్చు తక్కువన్నది నిజం. కానీ తిరిగి వెళ్లాక ఒక పలక ఊడితే అక్కడి డాక్టర్ వేరేవాళ్లు చేసిన పనిని ముట్టుకోవడానికి ఇష్టపడకపోవచ్చు. వచ్చే ముందే వీడియో కాల్‌లో మాట్లాడి, అక్కడే క్లీనింగ్, వైటెనింగ్ ముగించుకుని రండి. మాక్‌అప్ మొదటి వారంలోనే జరగాలి. ఎక్స్‌రేలు, స్కాన్ ఫైళ్లు, వాడిన పదార్థం, షేడ్ వివరాలు వెంట తీసుకెళ్లండి. సెలవులో అంత టైమ్ లేదనిపిస్తే ట్రేలు చేయించుకుని వెళ్లడమే మేలు.

8. చేయించుకున్నాక

వెనీర్ ఉన్న పంటికి కూడా పుచ్చు వస్తుంది, పలక అంచున, చిగురు పక్కన. మెత్తటి బ్రష్, గరుకు లేని ఫ్లోరైడ్ పేస్ట్, రోజూ ఫ్లాస్ తప్పనిసరి. చెరకు ముక్క, జామకాయ, మటన్ ఎముక ముందు పళ్లతో కొరకొద్దు. ముక్కలు చేసుకుని పక్క పళ్లతో నమలండి. సోడా సీసా మూత, ప్లాస్టిక్ ప్యాకెట్ పళ్లతో తెరిచే అలవాటు ఉంటే మానేయాలి. రాత్రి పళ్లు కొరికేవాళ్లు పళ్లకు రక్షణగా ఉండే ట్రే, నైట్ గార్డ్ పెట్టుకోవాలి, దాన్ని వెనీర్లు వేసిన డాక్టర్ చేతే చేయించుకోండి. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, క్లీనింగ్ చేసేవాళ్లకు వెనీర్లున్నాయని ముందే చెప్పాలి.

పలక ఊడిపోతే పారేయకండి, సొంతంగా ఫెవిక్విక్ లాంటి జిగురుతో అస్సలు అతికించకండి. శుభ్రమైన చిన్న డబ్బాలో పెట్టి రెండు మూడు రోజుల్లో క్లినిక్‌కు తీసుకెళ్లండి. పగలకుండా ఉంటే చాలాసార్లు అదే పలకను మళ్లీ అతికించవచ్చు.